ఆషాఢంలో రెండు కెమెరాలు

ఆషాఢం వచ్చిందంటే హన్మకొండలో మా ఫోటో స్టూడియోల వాళ్లం ఈగలు తోలుకుంటూ కూర్చోవాల్సిందే. పెళ్లిళ్లుండవు, గృహప్రవేశాలుండవు. పాస్‌పోర్ట్ సైజు ఫోటోలతో, జిరాక్సులతో శ్రావణం దాకా నెట్టుకురావాలి. ఇవాళ ఆదివారం, ఆ గిరాకీ కూడా లేదు. షట్టర్ సగం ఎత్తి, సగం దించి, చివరికి మొత్తం దించేశాను.

మేనకోడలు ఒక పని మీదే వచ్చింది. కాలేజీ పిల్లలంతా ఇప్పుడు పాత డిజిటల్ కెమెరాల వెంట పడ్డారట. చేతిలో అంత మంచి ఫోను పెట్టుకొని, అమ్మానాన్నలు పెళ్లికి ముందు వాడిన డబ్బాలను బీరువాల్లోంచి తవ్వి తీస్తున్నారు. మా బీరువాలో సోనీ ఆర్‌ఎక్స్100 ఉందని దీనికి ఎవరు చెప్పారో!

"మామా, గిది నాకియ్యరాదు? నీకు గా పెద్దదున్నది గద."

ఇచ్చే ముందు రెండూ ఒకసారి పక్కపక్కన పెట్టి చూద్దాం పద అన్నాను. తేలిగ్గా ఇవ్వడానికి మనసొప్పలేదని దానికీ తెలుసు, నాకూ తెలుసు.

పెద్దది నికాన్ డీ750, 2014లో వచ్చిన మోడల్. బ్యాటరీతో 840 గ్రాములు, దానికి నేను తగిలించే 24-70 లెన్సు ఇంకో 900 గ్రాములు. అంటే మెడకు పావు తక్కువ రెండు కిలోల బరువన్నమాట. చిన్నది 2012 నాటిది. లెన్సు, బ్యాటరీ అన్నీ కలిపి 240 గ్రాములే, చొక్కా జేబులో పడుతుంది. మెగాపిక్సెళ్లు చూస్తే పెద్దదానికి 24.3, చిన్నదానికి 20.2. డబ్బా మీద అంకె చూసి కెమెరా కొనేవాళ్లకు ఇంతటితో పోలిక అయిపోతుంది.

అసలు సంగతి లోపలున్న సెన్సర్‌లో, అంటే వెలుతురును బొమ్మగా మార్చే పలకలో ఉంటుంది. డీ750 సెన్సర్ 35.9 మిల్లీమీటర్ల పొడవు, 24 వెడల్పు. ఆర్‌ఎక్స్100ది 13.2, 8.8. వైశాల్యం లెక్క కడితే పెద్దది ఏడు రెట్ల పైనే. ఇదీ నయమే, జేబు కెమెరాల్లో ఎక్కువ భాగం 6.17, 4.55 మిల్లీమీటర్ల సెన్సర్‌తో వచ్చేవి, దాదాపు కందిపప్పు బద్దంత. ఎంత పెద్ద సెన్సర్ అయితే అంత వెలుతురు పడుతుంది, చీకట్లో బొమ్మ అంత శుభ్రంగా ఉంటుంది. పెళ్లిళ్ల వాళ్లందరికీ ఇది కంఠతా వచ్చిన పాఠమే. అయితే ఈ పాఠానికి ఒక మెలిక ఉంది. అది చూపిద్దామనే పిల్లను వేయిస్తంభాల గుడికి తీసుకుపోయాను.

మబ్బు పట్టి ఉంది కానీ వాన లేదు. ముందు నంది దగ్గర నిలబడ్డాం. రుద్రదేవుడు 1163లో కట్టించిన గుడి. ఆ నల్లరాతి నందికి ఇప్పటికీ నున్నటి మెరుపు పోలేదు. రెండు కెమెరాలతో తీస్తే రెండింటిలోనూ నంది బూడిద రంగులోనే వచ్చింది. ఎదురుగా ఉన్నది నలుపో తెలుపో కెమెరాకు తెలియదు, దేన్ని చూసినా మధ్యరకం బూడిద అనుకొని వెలుతురు సర్దుతుంది. పిల్ల చేత ఎక్స్‌పోజర్‌ను ఒక మెట్టు తగ్గించి మళ్లీ తీయించాను. రాయి నల్లబడింది, గంటల పట్టెడ మీద చెక్కడం లేచి కనపడింది. అరవై వేల కెమెరా అయినా ఆరు వేల కెమెరా అయినా ఈ పని మాత్రం మనిషే చేయాలి.

లోపల రంగమండపంలో చీకటి. పురావస్తు శాఖ వాళ్ల గుళ్లలో అనుమతి లేకుండా స్టాండు పెట్టనివ్వరు, అంతా చేతుల్లో పట్టుకొని తీయాల్సిందే. నాకు కావాల్సిన ఫోటోలో ముందున్న స్తంభం మీది పని, వెనక గర్భగుడి ద్వారబంధం, రెండూ స్పష్టంగా రావాలి.

చిన్నది తీశాను. జూమ్ చేయకుండా పూర్తి వెడల్పులో ఉంచితే దాని లెన్సు ఎఫ్ 1.8 దాకా తెరుచుకుంటుంది (ఈ అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ తెరుచుకున్నట్టు). షట్టర్ సెకనులో 30వ వంతు, ఐఎస్ఓ 800 (వెలుతురు చాలనప్పుడు బొమ్మను వెలిగించే అంకె, పెంచేకొద్దీ గరుకూ పెరుగుతుంది). సెన్సర్ చిన్నది కాబట్టి అంత తెరిచినా ముందూ వెనకా రెండూ అందాయి. లెన్సులో వణుకు ఆపే ఏర్పాటు ఉండటం వల్ల చెదరకుండా వచ్చింది.

పెద్దదాంతో అదే బొమ్మ రావాలంటే లెన్సును ఎఫ్ 5 దాకా మూసుకోవాలి. లేకపోతే స్తంభం పదునుగా వచ్చి ద్వారం మసకబారుతుంది. ఎఫ్ 5కి మూస్తే వెలుతురు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. దాన్ని పూడ్చాలంటే ఐఎస్ఓ 6400కి పోవాలి. పోయాను. నా పాత 24-70కి వణుకు ఆపే ఏర్పాటు లేదు, ఊపిరి బిగబట్టి తీశాను. స్టూడియోకొచ్చి తెర మీద పెద్దవి చేసి చూస్తే రెండింటి నీడల్లోనూ గరుకు దాదాపు ఒకేలా ఉంది. ఏడు రెట్ల సెన్సర్ సంపాదించిపెట్టిందంతా లెన్సు మూయడంలోనే ఖర్చయిపోయింది! వెనకంతా మసకచేసి ఒక్క మనిషినో ఒక్క శిల్పాన్నో పట్టుకునేటప్పుడే పెద్ద సెన్సర్ లాభం పూర్తిగా చేతికొస్తుంది. గుడి మొత్తం కళ్లకు కట్టాలంటే ఆ లాభమంతా దారిలోనే పోతుంది. ఈ లెక్క తెలియక బరువులు మోసేవాళ్లు మా లైన్లో చాలామందే ఉన్నారు.

అదే స్తంభం మీద ఒక్క నర్తకిని మాత్రం తీసినప్పుడు పెద్దది తన బలం చూపించింది. ఎఫ్ 2.8, ఐఎస్ఓ 2000. చీకట్లోంచి రాతి మడతలు మెత్తగా తేలాయి. చిన్నదాన్ని అంత దగ్గరికి జూమ్ చేస్తే లెన్సు ఎఫ్ 4.9కి ముడుచుకుపోయి ఐఎస్ఓ ఎగబాకింది, రాయి మీద ఉప్పు చల్లినట్టయింది.

అన్నట్టు చప్పుడు. డీ750లో అద్దం లేచి పడుతుంది కదా, రాతి మండపంలో ఆ ఠప్పు రెండింతలై వినపడింది. మూలన జపం చేసుకుంటున్న పెద్దాయన ఒక కన్ను తెరిచి చూశాడు. చిన్నదానిలో లెన్సులోనే షట్టర్ ఉంటుంది, నొక్కినట్టు మనకే తెలియదు.

తిరిగొస్తూ కుమార్‌పల్లి మార్కెట్లో ఆగాం. జనంలో చిన్న కెమెరాయే మేలు, ఎవరూ పట్టించుకోరు, సహజంగా ఉంటారు అని అందరూ అంటారు. నేను అలా అనుకోను. బీరకాయలు అమ్మే అవ్వను చిన్నదాంతో తీయబోతే, "గిదేంది, ఆడుకునే బొమ్మనా? నీ మెడల పెద్దది ఏలాడుతుంది గద, దాంతోని తియ్యి బిడ్డా. జరాగు, కొంగు సరిజేసుకుంట" అంది. సర్దుకొని, గల్లపెట్టె మీద చేయి పెట్టి, నిటారుగా కూర్చుంది. దొంగచాటుగా తీసి ఉంటే ఆ కూర్చోవడం దొరికేది కాదు. పెద్ద కెమెరా ఎత్తితే తమకొక మర్యాద చేసినట్టు చూసే మనుషులు మా ఊళ్లో ఇంకా ఉన్నారు. పెళ్లిళ్లలో ఇది మరీ ఎక్కువ. చిన్నది పట్టుకొని మండపం ఎక్కితే పిల్ల తండ్రి అడ్వాన్స్ వాపసు అడుగుతాడు.

సాయంత్రం భద్రకాళి చెరువు కట్ట మీద పిల్లలు సైకిళ్లు తొక్కుతున్నారు. కదిలేవాటిని పట్టుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. కాగితం మీద చూస్తే చిన్నదే గెలవాలి. సెకనుకు పది ఫోటోలు లాగుతుంది, డీ750 ఆరున్నరే. కానీ ఆ పదీ తీసేటప్పుడు ఫోకస్ మొదటి ఫోటో దగ్గరే ఆగిపోతుంది, సైకిల్ ఎదురొస్తుంటే రెండో మూడో ఫోటో నుంచే మొహం మసక. పెద్దది 51 ఫోకస్ పాయింట్లతో వెంటపడి పట్టుకుంటుంది, కంటికి ఆనించిన అద్దంలో ఆలస్యం లేకుండా కనపడుతుంది. జీలకర్ర బెల్లం వేళ తెర తీసిన క్షణంలో పెళ్లికూతురు తలెత్తి చూస్తుంది చూడండి, దానికోసం లెన్సు బయటికి వచ్చేదాకా ఆగే కెమెరా పనికిరాదు. అక్కడ నేను బేరాలాడను.

బ్యాటరీ సంగతి ఒక్కమాటలో: కంపెనీ లెక్క ప్రకారం పెద్దదానికి 1230 ఫోటోలు, చిన్నదానికి 330. దుమ్ము సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి నేను రాసుకుంటాను. జేబులోని నూగు మెల్లగా చిన్నదాని లోపలికి చేరి సెన్సర్ మీద కూర్చుంటే, విప్పడం మన వల్ల కాదు. ఆకాశం తీసినప్పుడల్లా ఒక మూల మచ్చ. పెద్దదానికైతే లెన్సు తీసి, అద్దం పైకెత్తి, బ్లోయర్‌తో నాలుగు ఊదులు ఊదితే సరి.

రాత్రి ల్యాబ్‌కు రెండింటి నుంచి ఒక్కో ఫోటో 12×18 సైజు ప్రింటుకు పంపాను. ఆర్‌ఎక్స్100 ఫోటో 5472, 3648 పిక్సెళ్లు. అంగుళానికి 300 చొప్పున 12×18కి కావాల్సింది 5400, 3600. కొలిచి కుట్టించినట్టే ఉంది. 12×36 ఆల్బమ్‌లో ఒక పేజీ అంటే ఇంతే కదా. పగటి వెలుతురులో తీసిన పేజీ ఏ కెమెరాదో ప్రింటు చూసి చెప్పమని ల్యాబ్ తమ్ముణ్నే అడగాలి.

పెద్దదాన్ని అమ్మేస్తేనో అన్న ఆలోచన కూడా వచ్చింది. నికాన్ నుంచి 2020లో డీ780, డీ6 వచ్చాక కొత్త డీఎస్‌ఎల్‌ఆర్, అంటే ఇలా లోపల అద్దం ఉండే కెమెరా, రాలేదు. అందరూ అద్దం లేని మిర్రర్‌లెస్‌కు పోతున్నారు, సెకండ్‌హ్యాండ్ ధర దిగుతూనే ఉంది. దిగితే దిగనీ. ఇంకా నాలుగు సీజన్లు లాగుతుంది, మండపం మీద అవ్వలు దాన్ని చూసే కొంగు సర్దుకుంటారు.

ఇదంతా చెప్పాక పిల్లకు ఏం ఎక్కిందో గానీ, అది తీసిన ఫోటోలన్నీ చూపించింది. ప్రతిదాంట్లో ఫ్లాష్ మొహం మీద కొట్టి ఉంది. బుగ్గలు తెల్లగా, వెనక గోడ నల్లగా, కళ్లల్లో ఎర్రచుక్కలు. ఇవి రాకుండా చూసుకోవడమే నా వృత్తి. "గిదే మామా గావాల్సింది, ఫోన్ల గిట్ల రాదు" అంది సంబరంగా. నేనింకేం మాట్లాడను!

శ్రావణం దాకా వాడుకోమన్నాను. మొదటి ముహూర్తానికి మాత్రం చిన్నది నా జేబులోకి రావాలి. బంతిలో కూర్చొని తింటున్న వాళ్లను తీయడానికి అదే బాగుంటుంది, పెద్దది చూపిస్తే అందరూ తినడం ఆపి నవ్వుతారు.