మొక్కు అమ్మది, జుట్టు నాది

విజయవాడ గుణదల మేరీమాత కొండ నుంచి నిన్న రాత్రే వచ్చాం. కాళ్ళు ఇంకా లాగుతూనే ఉన్నాయి.

ఈ మొక్కు నాది కాదు, అమ్మది. నాకు రొమ్ము క్యాన్సర్ అని తెలిసిన రోజే "నా బిడ్డ బతికితే దాని తలనీలాలిస్తా తల్లీ" అని మేరీమాతకు మొక్కేసింది. నన్ను అడగనైనా లేదు! కీమో మొదలైన కొద్ది వారాలకే జుట్టంతా దిండు మీదకు వచ్చేసింది. ఇక ఇవ్వడానికేముందని నేనంటే, "మళ్ళీ వస్తుందిలే, అప్పుడిద్దాం" అంది. వచ్చింది, అంతకుముందెప్పుడూ లేని రింగులతో. తీరా ఇవ్వాల్సి వచ్చేసరికి ప్రాణం ఒప్పుకోలేదు. "మూడు కత్తెర్లు చాలదా అమ్మా?" అని అడిగి చూశాను. అమ్మ బదులే చెప్పలేదు. కొండ కింద కూర్చుని మొత్తం తీయించేశాను.

జబ్బు మనిషికి సలహాలకు కొదవ ఉండదు. ఒక ప్రార్థన కూటంలో, మందులు మానేస్తేనే విశ్వాసం ఉన్నట్టన్నారు. ఏదో పాపం ఒప్పుకోకుండా దాచావేమోనని ఇంకొకావిడ. కీమో వాంతులు నాలుగు రోజుల్లో తగ్గేవి, ఆ మాట మాత్రం చాలాకాలం కడుపులో తిప్పింది. మా చర్చి ఫాదర్ గారు బైబిల్లో సీరా పుత్రుని గ్రంథం 38వ అధ్యాయం తీసి నాచేతే చదివించారు. వైద్యుణ్ణి గౌరవించమనీ, మందులను నేలలోంచి పుట్టించింది దేవుడేననీ అందులోనే ఉంది. ఆపరేషన్‌కు ముందు ఆయనే వచ్చి నుదుటికీ అరచేతులకూ నూనె పూశారు. అమ్మ ఒకటే ఏడుపు. వాళ్ళ కాలంలో ఫాదర్ నూనె తెచ్చారంటే ఇక అంతే అని లెక్క. "ఇది పోయేవాళ్ళకే కాదమ్మా, జబ్బుపడ్డవాళ్ళకు కూడా" అని ఆయన నవ్వారు.

ఫాదర్ ఆర్లాటి 1924లో మాత స్వరూపాన్ని నిలిపిన ఆ కొండ గురించి కొత్తగా చెప్పేదేముంది. ఫిబ్రవరి 11 లూర్దుమాత పేరుతో మేరీమాతకు జరిగే పండుగ. రెండో జాన్ పాల్ పోపు గారు 1992లో వ్యాధిగ్రస్తుల దినంగా ప్రకటించింది కూడా ఆ తేదీనే. కానీ రోగుల రోజున రోగులు మెట్లెక్కగలిగితే కదా! తాళ్ళు, మైకులు, తప్పిపోయిన పిల్లల పేర్లు, కాళ్ళ కింద కొబ్బరిచిప్పలు. జపమాల చేతిలో ఉందన్న మాటే గానీ ఎక్కడిదాకా చెప్పానో గుర్తుండదు. అమ్మ మోకాళ్ళు మెట్లకు పనికిరావు, కిందే కూర్చోబెట్టాను.

నా భయమంతా ఎడమ చెయ్యి గురించే. ఆపరేషన్‌లో చంకలో లింఫు గ్రంథులు తీసేశారు, అందుకే ఆ చెయ్యి వాస్తుంది. బిగుతు స్లీవ్ వేసుకుంటాను. ఆ చేత్తో బరువు మోయకూడదు, దెబ్బ తగలకూడదు. మెట్ల మధ్యలో ఒక తోపు వచ్చి చెయ్యి జనం మధ్య నలిగిపోయేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏందమ్మా ఆ చెయ్యి?" అంది పక్కనున్న పెద్దావిడ. నుదుట కుంకుమ, చంకలో కొబ్బరికాయల సంచీ. సంగతి చెప్పాను. "అట్టనా, లోపలికి రా" అని నన్ను గోడవైపుకు తిప్పి, తను ఎడమ పక్కన నిలబడి, సంచీ అడ్డం పెట్టింది. అక్కడి నుంచి మాత ఉన్న గుహదాకా "నెట్టమాకండయ్యా, పిల్లకి చెయ్యి బాగాలేదు" అని అరుస్తూనే ఉంది. నలభై దాటిన నేను పిల్లనట!

మాతను చూసింది రెప్పపాటే. పూలదండల మధ్య ముఖం కనబడగానే "దేవ వరప్రసాదముచేత నిండిన మరియమ్మా" అని అందుకున్నాను. "ఏలినవారు మీతో ఉన్నారు" దాకా వచ్చేసరికే వాలంటీరు "నడవండి, నడవండి" అని తరిమేశాడు. అడగాలనుకున్నవేవీ అడగలేదు. ఎందుకో గుండు తడుముకుని ఏడ్చాను, బయటికొచ్చాక నవ్వొచ్చింది.

దిగేటప్పుడు ఆవిడ గొంతు తగ్గించింది. "మా కోడలికి రొమ్ములో గడ్డ తగుల్తందంట. నొప్పి లేదు గదా, ఏం గాదులే అంటంది. ఆ సంగతి తల్లికి చెప్పుకుందామనే వచ్చా."

నాకూ నొప్పి లేదని చెప్పాను. ప్రతి గడ్డా క్యాన్సర్ కాదు, కానీ స్కానింగు, సూది పరీక్ష చేయిస్తే గానీ తేలదన్నాను. "కోస్తారని దానికి భయం" అంది. కొవ్వొత్తుల దుకాణం వెనక్కి తీసుకెళ్ళి, పమిట పక్కకు జరిపి నా మచ్చ చూపించాను. ఆసుపత్రి వాళ్ళూ అమ్మా తప్ప ఎవరూ చూడలేదది. ఆవిడ వేలితో తాకి, "మానిందే!" అంది. నంబరు తీసుకుంది.

ఈ పొద్దున ఫోన్ చేసింది. కోడలు ఒప్పుకుందట, మంగళవారం తీసుకొస్తోంది. మా డాక్టర్ గారి ఓపీ తొమ్మిదికి మొదలవుతుంది. ఎనిమిదికల్లా వచ్చి టోకెన్ తీసుకోమని, పాత రిపోర్టులేమైనా ఉంటే తెచ్చుకోమని చెప్పాను.