టీఎస్‌హెచ్ నార్మల్, అయినా జుట్టు రాలుతోందా?

థైరాయిడ్ సరిగ్గా ఉందో లేదో చెప్పే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష రిపోర్టు బాగానే ఉన్నా దువ్వెన నిండా జుట్టే వస్తోందంటే కంగారు పడకండి. ఇవాళ ఊడే వెంట్రుక రెండు మూడు నెలల కిందటే విశ్రాంతి దశలోకి వెళ్లిపోయి ఉంటుంది. అప్పటి థైరాయిడ్ హార్మోన్ లెక్క ఇప్పుడు బయటపడుతోందన్నమాట. ఈ హార్మోన్ తక్కువైనవాళ్లు వేసుకునే లెవోథైరాక్సిన్ మాత్ర మొదలుపెట్టిన తొలి నెలల్లో కొందరికి ఇంకాస్త ఎక్కువే రాలుతుంది. అది చూసి దయచేసి మాత్ర మానేయకండి.

హార్మోన్ తక్కువైతే జుట్టు పీచులా ఎండి మధ్యలో తెగుతుంది, కనుబొమ్మల బయటి కొసలు పలచబడతాయి. ఎక్కువైతే సన్నబడి మెత్తబడుతుంది. రాలిన వెంట్రుకను వెలుతురులో చూడండి. ఒక చివర తెల్లటి చిన్న గుబ్బ ఉంటే కుదురు నుంచి ఊడింది, లేకపోతే తెగింది. గుండ్రంగా, నున్నగా ఒకేచోట ఖాళీ అయితే మాత్రం సంగతి వేరు, చర్మవైద్యులకి చూపించాలి.

చాలామంది దెబ్బతినేది బయోటిన్ దగ్గరే. జుట్టు కోసం వేసుకునే ఈ బిళ్లలు కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో టీఎస్‌హెచ్‌ని లేనిపోని తక్కువగా, థైరాయిడ్ హార్మోన్ టీ4ని ఎక్కువగా చూపిస్తాయి. దాన్ని నమ్మి, హార్మోన్ ఎక్కువైందనుకుని మాత్ర డోసు తగ్గిస్తే జుట్టు మళ్లీ మొదటికొస్తుంది. పరీక్షకి కనీసం రెండు రోజుల ముందు ఆపండి, వాడుతున్నట్టు డాక్టరుకి చెప్పండి.

ఫెరిటిన్ రక్తపరీక్ష కూడా చేయించుకోండి, అది చూపే ఐరన్ నిల్వ తగ్గినా ఇలాగే రాలుతుంది. ఐరన్, కాల్షియం మాత్రలకీ థైరాయిడ్ మాత్రకీ 4 గంటల ఎడం ఉండాలి. డోసు మారిస్తే 6 నుంచి 8 వారాలకి మళ్లీ పరీక్ష. కొత్త జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరే పెరుగుతుంది, నుదుటి అంచున పొట్టి వెంట్రుకలు వస్తున్నాయేమో చూసుకోండి.