మా బళ్లో కౌన్సెలింగ్ సంగతి

తొమ్మిదో తరగతి అల్లరి గురించి స్టాఫ్ రూమ్‌లో మాటొస్తే చివరికి తేలేది ఒక్కటే, వాళ్ల నాన్నని పిలిపించండి. ఆయన కూలి మానుకుని వస్తాడు, హెచ్.ఎం. గదిలో అందరి ముందూ పిల్లాణ్ణి కడిగేస్తారు, రిజిస్టర్‌లో 'కౌన్సెలింగ్ ఇచ్చాము' అని రాసుకుంటారు. వారం తిరక్కుండా వాడు మళ్లీ మొదలు. కొట్టడాన్ని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది, మంచిదే, కానీ బెత్తం పోయాక ఏం చేయాలో టీచర్లకి నేర్పిందెవరు?

బీహార్‌లో నలందా జిల్లా హైస్కూళ్లలో 'సెహర్' అని ఒక కార్యక్రమం నడిపారు. కొన్ని బళ్లలో స్థానికంగా డిగ్రీ చదివినవాళ్లకి శిక్షణిచ్చి కౌన్సెలర్లుగా పెట్టారు, కొన్నిట్లో అదే పని టీచర్లకి అప్పగించారు. కౌన్సెలర్లున్న చోట పిల్లల్లో ఏడిపించుకోవడం, కొట్లాటలు తగ్గాయి. టీచర్లు చేసిన చోట చెప్పుకోదగ్గ తేడా రాలేదు. చదువుతుంటే నాకు చురుక్కుమంది గానీ, మార్కులు వేసేదీ ఇంటికి ఫోన్ చేసేదీ మేమే అయినప్పుడు మా దగ్గర ఏ పిల్లాడు నోరు విప్పుతాడు!

పోయినేడాది మా బడికి వారానికోసారి ఒక కౌన్సెలర్ వచ్చేది. పెన్ను క్యాపులు విసిరి, పక్కవాణ్ణి గిల్లి, రోజూ బయట నిలబడే కుర్రాడొకడున్నాడు. ఆవిడ మొదట్లో వాణ్ణేమీ అడగలేదు, గొడవ ఏ పీరియడ్‌లో జరుగుతోందో మాతో రాయించింది. చూస్తే అన్నీ పాఠం పైకి చదివించే పీరియడ్లే, అదీ వాడి వంతు ఇంకో ఇద్దరి తర్వాత వస్తుందనగా! ఒత్తులున్న మాటలు వాడికి చదవడం రాదు. క్లాసంతా నవ్వడం కంటే బయట నిలబడటమే నయం కదా.

వాడితో ఆవిడ ఒక ఒప్పందం కుదిర్చింది. చదవలేననిపిస్తే బల్ల మీద స్కేలు అడ్డంగా పెట్టాలి, నేను వాణ్ణి వదిలేసి పక్కవాణ్ణి లేపాలి, బదులుగా సాయంత్రం స్టడీ అవర్‌లో నా దగ్గర రెండు పేరాలు చదవాలి. క్యాపులు ఆగిపోయాయి. గిల్లడం మాత్రం పూర్తిగా ఆగలేదు లెండి.

ఆవిడకి విడిగా గది కూడా లేదు, గ్రౌండ్‌లో వేపచెట్టు కింద కూర్చునేది. "వాడేం చెప్పాడమ్మా?" అని అడగని సారు లేడు, ప్రాణం మీదకొచ్చే విషయమైతే తప్ప చెప్పనని ఆవిడ నవ్వి ఊరుకునేది. అందుకే పిల్లలు వెళ్లేవాళ్లు.

ఈ ఏడు ఆవిడ రావట్లేదు. ఆ బాధ్యత మా పీఈటీ సారుకి ఇచ్చారు.