రేకులు కోసేటప్పుడు లేచే ఆ తెల్ల దుమ్ము

మొన్న కావలిలో మా ఇంటి వెనక బర్రెల కొట్టానికి పాత సిమెంటు రేకులు తీసేసి కొత్తవి వేయించాం. వచ్చిన కుర్రాడు కట్టర్ పెట్టి కోస్తుంటే తెల్లటి దుమ్ము పొగలా లేచి వాడి కనుబొమ్మల మీద, పక్కనున్న కుడితి తొట్టిలో కూడా పడింది. మూతికి గుడ్డన్నా కట్టుకోమంటే "ఏం కాదులే అన్నా, పదేళ్ల నుంచి కోస్తున్నా" అన్నాడు.

చిక్కంతా ఆ పదేళ్లలోనే ఉంది. ఈ రేకుల్లో చాలావాటిలో సిమెంటుతో పాటు ఆస్‌బెస్టాస్ అనే పోగుల ఖనిజం ఉంటుంది. దాని పోగులు కంటికి ఆననంత సన్నం, ఊపిరితిత్తుల్లోకి పోతే అక్కడే గుచ్చుకుని ఉండిపోతాయి. జబ్బు బయటపడేసరికి 20, 30, ఒక్కోసారి 40 ఏళ్లు. ఊపిరితిత్తులు మచ్చలు కట్టి గట్టిపడితే ఆస్‌బెస్టోసిస్, నాలుగు మెట్లెక్కినా ఆయాసమే. వాటి పైపొరకు వచ్చే క్యాన్సర్ మీసోథీలియోమా. బీడీలు తాగేవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఇంకా ఎన్నో రెట్లు. మన దేశంలో ఆస్‌బెస్టాస్ తవ్వకం ఆపారు గానీ దిగుమతి ఆపలేదు, ఇదేం లెక్కో నాకైతే అర్థం కాదు.

అలాగని రేకుల ఇంట్లో ఉండేవాళ్లంతా టెన్షన్ పడక్కర్లేదు. పగలని రేకుతో పెద్దగా భయం లేదు, కోసినప్పుడు, పగలగొట్టినప్పుడు, ఆ పొడిని చీపురుతో ఊడ్చినప్పుడే ప్రమాదం. నేను కట్టుకోమన్న గుడ్డ ఆ పోగుల్ని ఆపదట, అదీ తర్వాతే తెలిసింది.

మిగిలిన మూడు రేకులు నీళ్లతో తడిపించి చేతిరంపంతో కోయించాను. ఆలస్యమైందని వంద ఎక్కువడిగాడు, ఇచ్చాను. కుడితి పారబోశానని మాత్రం అమ్మ ఇంకా సాధిస్తూనే ఉంది.