తెలుగు మీడియం నించి కోఠి విమెన్స్ కాలేజీకి: సీటు వచ్చినంక ఫస్ట్ సెమ్ దాకా నా అనుభవం

దోస్త్‌ల, అంటే తెలంగాణల డిగ్రీ సీట్లు ఇచ్చే ఆన్‌లైన్ అడ్మిషన్ల సైటుల, సీటు రాంగనే చాలామంది ఇగ అయిపోయింది, క్లాసులు మొదలైనప్పుడు చూస్కుందాంలే అనుకుంటరు. నాకైతే అసలు పని సీటు వచ్చినంకనే మొదలైంది. ఇది ముఖ్యంగా ఊళ్లె గవర్నమెంట్ స్కూల్, గవర్నమెంట్ జూనియర్ కాలేజీ, అదీ తెలుగు మీడియంల చదువుకోని డిగ్రీకి హైదరాబాద్ వస్తున్న చెల్లెండ్ల కోసం రాస్తున్న, ఎందుకంటే నేను వచ్చినప్పుడు ఏది ముందు చేయాలె ఏది తర్వాత చేయాలె అని వరుసగ చెప్పేటోళ్లు మా ఇంట్ల ఎవరూ లేకుండె.

మాది దేవరకొండ దగ్గర ఊరు. ఇంటర్ బైపీసీ. డిగ్రీల బీఎస్సీ బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ పెట్టుకున్న, కోఠి విమెన్స్ కాలేజీల వచ్చింది. ఇప్పుడు దాని పేరు వీరనారి చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం, కానీ బస్సుల కండక్టర్ నించి మా హాస్టల్ వార్డెన్ దాకా అందరూ కోఠి విమెన్స్ కాలేజీ అనే అంటరు. దోస్త్‌ల సీటు అలాట్ అయినంక ఆన్‌లైన్‌ల సెల్ఫ్ రిపోర్టింగ్ చేయాలె, అది చేయకుంటే సీటు పోతది, మెసేజ్ వచ్చింది కదా అని ఊకుంటే కాదు. తర్వాత వాళ్లు ఇచ్చిన తారీఖుల్లోపట కాలేజీకి పోయి రిపోర్ట్ చేయాలె. వచ్చిన గ్రూపు నచ్చకపోతే అదే కాలేజీల వేరే గ్రూపుకి మారనీకి చివర్ల ఇంట్రా కాలేజీ అని ఒక ఛాన్స్ ఇస్తరు, అది చాలామందికి తెల్వదు, మా క్లాసుల ఇద్దరు ముగ్గురు అట్ల మారినోళ్లే.

రిపోర్టింగ్‌కి నాయిన నేను ఇద్దరం పోయినం. అప్పుడు పత్తి గింజలు పెట్టే టైము, చేన్ల పని ఇడిసిపెట్టి వచ్చిండు. ఎంజీబీఎస్ బస్టాండుల దిగినంక కాలేజీ నడిచిపోయేంత దూరమే. లోపలికి పోంగనే ఆ పాత రెసిడెన్సీ బిల్డింగు కనపడ్డది, ముందట ఆరు పెద్ద పెద్ద స్తంభాలు, మెట్ల కింద రెండు దిక్కులా సింహాలు. నాయిన తల ఎత్తి చూసుకుంట "బిడ్డా, ఇండ్లనేనా చదివేది" అన్నడు. బ్రిటిషోళ్ల కాలంల రెసిడెంట్, అంటే నిజాం దగ్గర వాళ్ల రాయబారి, కిర్క్‌పాట్రిక్ కట్టించింది అది. ఆడపిల్లల కాలేజీ 1924ల మొదలైతే 1949 నించి ఈ ఆవరణల నడుస్తున్నది. క్లాసులు ఎక్కువ వేరే బిల్డింగులల్లనే అయితయి కానీ రోజూ దాన్ని చూసుకుంట పోవుడు నాకు ఇప్పటికీ మస్తు ఇష్టం.

సర్టిఫికెట్ల దగ్గరికొస్తే, టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, క్యాస్ట్, ఇన్‌కమ్, ఆధార్, ఫోటోలు, దోస్త్ అలాట్‌మెంట్ కాగితం ఇవన్నీ ఒరిజినల్స్ చూపియ్యాలె, టీసీ మాత్రం కాలేజీకే ఇచ్చేయాలె. ఇచ్చేముందు టీసీ జిరాక్సులు ఎక్కువనే తీసి పెట్టుకోండి, తర్వాత హాస్టల్ల అడుగుతరు, స్కాలర్‌షిప్‌కి అడుగుతరు, అప్పుడు జిరాక్స్ కోసం మళ్లా ఆఫీసు చుట్టు తిరుగుడు ఉంటది. మెమోలు చూసి వాపస్ ఇచ్చేయాలె, ఒరిజినల్స్ కాలేజీలు పెట్టుకోవద్దని యూజీసీ రూలే ఉంది, ప్రైవేటు కాలేజీల చేరేటోళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలె. ఫోన్‌ల కూడా అన్నీ స్కాన్ చేసి ఒక్క ఫోల్డర్ల పెట్టుకోండి.

వరుస ఎందుకు ముఖ్యమంటే ఒకటి అయితేనే ఇంకోటి అయితది. కాలేజీల అడ్మిషన్ పూర్తయితేనే బోనఫైడ్, అంటే ఈ కాలేజీల చదువుతున్నమని కాగితం, ఇస్తరు, బోనఫైడ్ ఉంటేనే బీసీ కాలేజీ హాస్టల్ల దరఖాస్తు తీస్కుంటరు, హాస్టల్ తేలితేనే ఈపాస్‌ల, అంటే సర్కారు స్కాలర్‌షిప్ సైటుల, హాస్టల్ స్టూడెంటా డే స్కాలరా అన్నది సరిగ్గ నింపుతం. అందుకే రిపోర్టింగ్ రోజే బోనఫైడ్‌కి లెటర్ రాసిచ్చి రండి, ఊరికి పోయి మళ్లా దానికోసమే రానక్కర లేకుండ.

ఈపాస్ గురించి జర ఎక్కువ చెప్తా, ఎందుకంటే మాలాంటోళ్లకి చదువు నడిచేదే దాని మీద. బీసీలకైతే ఊళ్లల్ల ఉండేటోళ్లకు ఇంటి ఆదాయం సంవత్సరానికి లక్షా యాభై వేల లోపట, టౌన్లల్ల రెండు లక్షల లోపట ఉండాలె, ఎస్సీ ఎస్టీలకు రెండున్నర లక్షలు. అండ్ల రెండు ఉంటయి, ఆర్టీఎఫ్ అంటే కాలేజీ ఫీజు, ఎంటీఎఫ్ అంటే మన మెయింటెనెన్స్ పైసలు. అప్లికేషన్ సైటు క్లాసులు మొదలైనంక ఎప్పుడో ఓపెన్ చేస్తరు కానీ దానికి కావాల్సినయి మాత్రం ముందే సర్దుకోవాలె. మీసేవల ఇన్‌కమ్ సర్టిఫికెట్ పెడితే అది తహసీల్దార్ ఆఫీసుకు పోయి రావాలె, అడ్మిషన్ల టైముల అందరూ పెడతరు కాబట్టి లేటు అయితది. బ్యాంకు అకౌంట్ మన పేరు మీదనే ఉండి ఆధార్ లింక్ అయి ఉండాలె. అప్లై చేసినంక మీసేవల వేలిముద్ర ఇచ్చి, ప్రింటు తీసిన కాగితం కాలేజీల ఇస్తేనే ముందుకు పోతది, ఆన్‌లైన్‌ల సబ్మిట్ కొట్టినం కదా అని ఆగిపోయినోళ్లది అక్కడనే ఉండిపోతది. ఇంకోటి, అటెండెన్స్ 75 శాతం ఉండాలె, ఊరికి పోయినప్పుడల్లా ఇది యాదిల పెట్టుకోవాలె.

నాకు ఎదురైన పెద్ద ఇబ్బంది పేరు. టెన్త్ మెమోల ఇంటిపేరు పూర్తిగ ఉంది, ఆధార్ల మాత్రం చిన్నప్పుడు ఎంటర్ చేసినాయన ఇంటిపేరు ఒక్క అక్షరం కొట్టి పెట్టిండు, అదీ పేరు వెనకాల. ఇన్నేండ్లు ఎవరూ పట్టించుకోలే, ఈపాస్ దగ్గరికి వచ్చేసరికి రెండూ కలవాలె అంటరు. టెన్త్ మెమో తీస్కపోయి ఆధార్ సెంటర్ల పేరు మార్పిచ్చుకున్న, ఆ అప్‌డేట్ వచ్చినంక బ్యాంకుల కూడా మార్పిచ్చిన. ఆధార్ల పేరు మార్చుకునే అవకాశం రెండు సార్లే ఇస్తరు కాబట్టి మెమో ముందర పెట్టుకోని ఒక్కొక్క అక్షరం వాళ్ల స్క్రీన్ మీద చూసినంకనే ఓకే అన్న. సీటు రాకముందే, అంటే ఇంటర్ పరీక్షలు అయిపోయినంక ఖాళీగ ఉన్నప్పుడే ఈ పని చేస్కుంటే చాలా నెమ్మది.

బస్సు సంగతి ఒక్క ముక్కల చెప్తా. 2023 డిసెంబర్ నించి తెలంగాణల ఆడోళ్లకు ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు, సిటీ బస్సులు ఫ్రీ కదా, ఆధార్ చూపిచ్చి జీరో టికెట్ తీస్కునుడే. మా అమ్మ నన్ను సిటీకి పంపనీకి ఒప్పుకున్నదంటే అందుల దీనిది కూడా పెద్ద చెయ్యి ఉంది, "ఎప్పుడు మనసు పుడితే అప్పుడు వచ్చిపో బిడ్డా, కిరాయి అయితే లేదు గదా" అన్నది.

ఇగ అసలు భయం ఇంగ్లీష్ మీడియం. సీటు వచ్చిన కాడ్నించి రాత్రిళ్లు ఇదే ఆలోచన. మా ఊళ్లె ఒక అక్క ఇదే కాలేజీల చదివి ఇప్పుడు ఎమ్మెస్సీ చేస్తున్నది, ఆమె దగ్గరికి పోయి "అక్కా, ముందునించే ఏమన్నా చదువుకోవాలెనా" అని అడిగితే ఆమె చెప్పిన మాట, "చెల్లే, కొత్త పుస్తకాలు కొనకు, నీ ఇంటర్ ఫస్టియర్ పుస్తకాలు పాత పేపరోనికి అమ్మకు, ఫస్ట్ సెమ్ల సగం అదే వస్తది". సిలబస్ చూపిచ్చింది, నిజమే. బాటనీల ఫస్ట్ సెమ్ అంటే బ్యాక్టీరియా, వైరస్‌లు, శైవలాలు, శిలీంధ్రాలు, బ్రయోఫైటా, టెరిడోఫైటా. జువాలజీల మొత్తం అకశేరుకాలు, అంటే వెన్నెముక లేని జీవులు, ప్రోటోజోవా, పొరిఫెరా నించి మొదలు. లోతు ఎక్కువ ఉంటది కానీ పునాది మనం చదివిందే.

ఇంకో ఉపాయం కూడా ఆ అక్కదే. తెలుగు అకాడమీ ఇంటర్ పుస్తకాలు తెలుగు మీడియంవీ ఉన్నయి ఇంగ్లీష్ మీడియంవీ ఉన్నయి, సిలబస్ ఒక్కటే, చాప్టర్లూ అవే. మా పక్కింటి తమ్ముడు ప్రైవేటు కాలేజీల ఇంగ్లీష్ మీడియం చదివిండు, వాని ఫస్టియర్ జువాలజీ, బాటనీ పుస్తకాలు అడిగి తెచ్చుకున్న. మంచం మీద రెండూ పక్కపక్కన తెరిచి పెట్టుకునేది, తెలుగుల ఒక పేరా చదువుడు, తర్వాత ఇంగ్లీష్‌ల అదే విషయం ఉన్న పేరా చదువుడు. స్పంజికల పాఠంతోని మొదలు పెట్టిన, ఎందుకంటే అది నాకు తెలుగుల నోటికి వస్తది, నీళ్లు చిన్న చిన్న రంధ్రాల నించి లోపలికి వచ్చి మధ్యల ఖాళీ జాగలకు పోయి పైన ఆస్కులం అనే పెద్ద రంధ్రం నించి బయటికి పోవుడు. చదువుతుంటే ఒకటి తెలిసొచ్చింది, నేను భయపడ్డది ఒకటి, కష్టం ఉన్నది ఇంకోకాడ. ఆస్టియా, స్పంజోసీల్, ఆస్కులం, కోయనోసైట్ ఇవన్నీ తెలుగు పుస్తకంల కూడా అవే పేర్లు, తెలుగు లిపిల ఉన్నయి అంతే. శైవలాలు అంటే ఆల్గే, శిలీంధ్రాలు అంటే ఫంగై, క్షయకరణ విభజన అంటే మియోసిస్, ఇట్లాంటివి ఒక నోటుబుక్కుల రెండు వరసలుగ రాసుకుంటే తొందరగనే పట్టుబడ్డయి. నాకు వాక్యం అర్థం కాకుండ అడ్డం పడ్డవి మామూలు మాటలు. కన్‌సిస్ట్స్ ఆఫ్, ఎన్‌క్లోజ్డ్ బై, రెస్పెక్టివ్లీ, వేరాజ్, అరైజ్ ఫ్రమ్, టర్మ్‌డ్ యాజ్, ఇట్లాంటివి. ఇవి ఏ సైన్సు పదకోశంల చూసినా దొరకయి, అందరికీ వస్తయిలే అనుకోని ఎవరూ చెప్పరు. వాటికి వేరే పేజీలు పెట్టిన, ఒక్కొక్కదానికి ఆ పుస్తకంలదే ఒక వాక్యం రాసుకున్న. కొద్ది రోజులకే అవే మాటలు తిరిగి తిరిగి వస్తున్నయని అర్థమయింది, అవి వచ్చినంక పేజీ అంతా తెరుచుకున్నట్టయింది. తెలుగు మీడియం పిల్లలకు తెలివి తక్కువ అని ఎవరన్నా అంటే నాకు ఇప్పుడు బాగా కోపం వస్తది, మాకు పాఠం వచ్చు, ఆ మధ్యల ఉన్న కొన్ని మాటలు మాకు ఎవరూ నేర్పలే, అంతే ఫరక్.

రాసుడు కూడా అలవాటు చేస్కున్న. చదివింది పుస్తకం మూసి ఇంగ్లీష్‌ల ఐదారు లైన్లు చిన్న చిన్న వాక్యాలతోని రాసేది. గ్రామర్ తప్పులు మస్తు వచ్చేటివి, ఆ అక్కకు వాట్సాప్‌ల ఫోటో పెడితే తప్పులు గీసి పంపేది. పెద్ద వాక్యాలు వద్దు, బొమ్మ వేసి భాగాలు రాసి కింద నాలుగు లైన్లు సరిగ్గ రాయి, మార్కులు పడతయి అని చెప్పింది. జువాలజీ, బాటనీలల్ల ఇది బంగారం లాంటి మాట, బొమ్మకు ఏ మీడియం లేదు.

కొనాల్సినవి కాలేజీ మొదలయ్యేదాకా కొనకుండ ఉండుడే మంచిది. ల్యాబ్‌కి తెల్ల ఆప్రాన్ కావాలె, రికార్డులు ఏ సైజువి అని లెక్చరర్లు చెప్పినంకనే తీస్కోవాలె. బాటనీ ప్రాక్టికల్స్‌కి సెక్షన్లు కోయనీకి కొత్త బ్లేడ్లు, సన్న బ్రష్, సూదులు, ఇవి తక్కువ పైసలకే వస్తయి. షాపోళ్లు మాత్రం పెద్ద డిసెక్షన్ బాక్సు పట్టుకుపొమ్మంటరు, కప్పలు బొద్దింకలు కోసుడు ఆపమని యూజీసీ 2014లనే చెప్పింది, ఇప్పుడు జువాలజీల స్పెసిమెన్లు, స్లైడ్లు, చార్టులు చూసి గీసుడే, కాబట్టి మేడం చెప్తే తప్ప దాని మీద పైసలు పెట్టకండి. పుస్తకాలకైతే కోఠిలనే ఉన్నం కదా, కాలేజీ నించి బయటికొస్తే పాత పుస్తకాల దుకాణాలు, ఫుట్‌పాత్ మీద కుప్పలు. సగం ధరకు దొరుకుతయి కానీ సిలబస్ కాగితం చేతుల పెట్టుకోని పోవాలె, సెమిస్టర్ నంబరు, యూనిట్ల పేర్లు కలుస్తున్నయో లేదో ఆడనే నిలబడి చూస్కోవాలె, పాత సిలబస్‌వి కూడా అదే కుప్పల ఉంటయి. డిగ్రీ తెలుగు మీడియం పుస్తకాలు హిమాయత్‌నగర్‌ల తెలుగు అకాడమీల అమ్ముతరు, కెమిస్ట్రీకి ఒకటి తెచ్చుకున్న. పరీక్ష ఇంగ్లీష్‌ల రాసినా గానీ, అర్థం కాని యూనిట్ ముందుగాల తెలుగుల చదువుకుంటే మనసుకు పడతది.

హాస్టల్‌కి ట్రంకు పెట్టె, మంచి తాళం, ప్లేటు, గ్లాసు, బకెట్, దుప్పటి, ఇంత అల్లం పచ్చడి. ఎక్కువ సామాను తెచ్చుకున్నోళ్లకు పెట్టుకోనీకి జాగ ఉండలే.

క్లాసులు మొదలైన రోజులల్ల అందరూ ఒకరినొకరు చూసుకునుడే. మా సెక్షన్ల తెలుగు మీడియం నించి వచ్చినోళ్లు నేననుకున్నకంటే చాలా ఎక్కువ ఉన్నరు, మహబూబ్‌నగర్, వికారాబాద్, నల్లగొండ దిక్కు నించి వచ్చినోళ్లు, ఉర్దూ మీడియం నించి వచ్చిన అమ్మాయిలూ ఉన్నరు. జువాలజీ మేడం పొరిఫెరా, అంటే ఆ స్పంజికలే, మొదలు పెట్టి కెనాల్ సిస్టమ్, అంటే వాటిల నీళ్లు పోయే దారులు, అనంగనే నాకు మంచం మీద పరిచిన ఆ రెండు పుస్తకాలే కండ్ల ముందట తిరిగినయి, మేడం ఇంగ్లీష్‌ల చెప్తున్నా ఎటు పోతున్నదో తెలుస్తనే ఉంది. కెమిస్ట్రీల అంత సాఫీగ పోలే, ఎందుకంటే దానికి నేను ముందుగాల ఏం చదవనీకి టైము దొరకలే. క్లాసు అయినంక సార్ దగ్గరికి పోయి "సార్, తెలుగుల అడగొచ్చా" అంటే "ఏ భాషల అడిగినా పర్లేదమ్మా, అడుగుడు మాత్రం ఆపకు" అన్నడు. ఆ తర్వాత నించి మేం నలుగురం కలిసి పోయి అడుగుతున్నం.

నా నోటుబుక్కుల ఆ మామూలు మాటల పేజీలు ఇప్పుడు క్లాసుల చేతులు మారుతున్నయి. ఉర్దూ మీడియం అమ్మాయి ఒకామె నా వరసల పక్కన తన భాషల ఇంకో వరస రాసుకున్నది, కెమిస్ట్రీకి అట్లాంటిదే ఒకటి ఇద్దరం కలిసి మొదలు పెట్టినం, కెమికల్ బాండింగ్ యూనిట్ దాకా వచ్చింది.