రెండూ రాగి రంగే

పదకొండు దాటింది. నిద్ర పట్టట్లేదు, అందుకే ఇక్కడికొచ్చి పడ్డాను. ఆయనకేం, హాయిగా గుర్రు పెడుతున్నారు.

అక్కా బావగారూ సాయంత్రం వెళ్ళారు. వెళ్ళేముందు బావగారు నా లోడింగ్ బెంచి, అదే టార్గెట్ షూటింగ్‌కి తూటాలు నేనే తయారుచేసుకునే బల్ల, సర్దారు. సర్దమని ఎవరూ అడగలేదు. ఆయన చెయ్యి ఊరికే ఉండదని మీకు తెలుసుగా. సగానికొచ్చిన 9 ఎంఎం బులెట్ల (తూటా కొనలో కూర్చోబెట్టే లోహపు ముక్కల) డబ్బాలు రెండు కనిపించాయట. రెండిటి మీదా బరువు 124 గ్రెయిన్లనే ఉంది కదా అని ఒకదాన్లోకి ఒంపేసి, ఖాళీది చెత్తబుట్టలో పడేశారు. పైగా "చోటు కలిసొచ్చిందమ్మా" అన్నారు. "థాంక్సండీ బావగారూ" అన్నాను. ఇంకేమంటాను!

అందులో ఒకటి జాకెటెడ్, రెండోది ప్లేటెడ్. బరువు ఒకటే, రంగు ఒకటే, రెండూ గుండ్రటి ముక్కువే. జాకెటెడ్‌కి సీసం మీద మందపాటి రాగి తొడుగు ఉంటుంది. ప్లేటెడ్‌కి ఉండేది కరెంటుతో పట్టించిన పలచటి పూత. కేసు (పౌడర్, అంటే పేలుడు మందు, పోసే గొట్టం) మూతిని కాస్త గట్టిగా క్రింప్ చేస్తే, అంటే బులెట్ చుట్టూ నొక్కితే చాలు, ఆ పూత తెగుతుంది, గురి చెదురుతుంది. ముక్కు వంపు తేడాగా ఉంటే రౌండు (పూర్తి తూటా) పొడవూ మార్చుకోవాలి, లేకపోతే బులెట్ వెళ్ళి బారెల్లోని మెలికల గాడులకి, అదే రైఫ్లింగ్‌కి, తగులుకుంటుంది. ఎంత పౌడర్ పొయ్యాలో చెప్పే డేటా పుస్తకంలో ఒక్కో రకానికి ఒక్కో లెక్క ఇచ్చేది ఊరికే కాదు. ఇదంతా చెప్పబోతే అక్క కళ్ళతోనే ఆపేసింది. "పోన్లేవే, సాయం చేద్దామనుకున్నారు." సాయమట!

ఇలాంటప్పుడు నాకు ఈ పని నేర్పిన పెద్దాయన గుర్తొస్తారు. బెంచి మీద రెండు రకాల పౌడర్ కనిపిస్తే, ఒకటి అల్మరాలోకి వెళ్ళేదాకా మాట్లాడేవారు కాదు. సీసం ముట్టుకున్న చేతులు సబ్బుతో కడిగితేగానీ మంచినీళ్ళ సీసా అందుకోనిచ్చేవారు కాదు. ఒకరోజు టార్గెట్ కాగితం పట్టుకుని, చిల్లు స్కోరు గీతను తాకిందని నేను ఒకటే వాదన. గుండ్రటి ముక్కు బులెట్ కాగితాన్ని చించుకుంటూ పోతుంది, అంచు ఎక్కడుందో తేలదు. ఆయన జవాబివ్వలేదు. తన .38 స్పెషల్ రివాల్వర్లో వాడ్‌కట్టర్లనే రకం తూటాలు పెట్టి కాల్చారు. 148 గ్రెయిన్ల సీసం బులెట్, ముక్కే ఉండదు, కేసు మూతి దాకా లోపలికి దిగిపోయి ఉంటుంది. మొదటిసారి చూస్తే ఇది లోడ్ చేసిందేనా అని అనుమానం వస్తుంది. కాగితం తెచ్చి చూస్తే ఆఫీసు పంచింగ్ మెషిన్‌తో కొట్టినట్టు గుండ్రటి చిల్లులు. దాన్ని దీపానికి ఎదురుగా పట్టి "ఇప్పుడు వాదించు" అన్నారు. ఆ తర్వాత చాన్నాళ్ళు నాకు వాడ్‌కట్టర్ల పిచ్చి పట్టుకుంది. చాలా ఆటో పిస్టళ్ళలో అవి మేగజీన్ నుంచి సరిగా ఎక్కవు, లేకపోతే ఇవాళ్టికీ అవే లోడ్ చేస్తుండేదాన్ని.

ఏదో రాయబోయి ఎక్కడికో వెళ్ళాను.

అసలు డబ్బా మొత్తం పక్కన పెట్టేద్దామనుకున్నా. తర్వాత ఒకదాన్ని బోర్లించి చూశాను. నా జాకెటెడ్ బులెట్లకి అడుగున బూడిద రంగు సీసం కనిపిస్తుంది. ప్లేటెడ్‌కి అడుగు కూడా రాగే. ఇంకేం, దీపం కింద కూర్చుని ఒక్కొక్కటీ తిప్పి చూస్తూ ఏరాను. మొదట పళ్ళు నూరుకుంటూనే ఏరాను కానీ, కాసేపటికి బానే అనిపించింది. ఫోన్ లేదు, ఎవరి పిలుపూ లేదు. ఇంకో మాట కూడా తోచింది. కాగితం మీద నా గురికి ఈ రెండు రకాలకీ తేడా కనిపించదు. మరి రెండెందుకు కొంటున్నట్టు? బావగారు ఆ ప్రశ్న అడిగుంటే నా దగ్గర సమాధానం లేదు. ఆయన అడగలేదు, ఒంపేశారు. అదీ నా బాధ.

అడుగు మరకపడి ఏ రకమో తేలనివి కొన్ని మిగిలాయి. వాటిని లోడ్ చెయ్యను, సీసం కరిగించేవాళ్ళకి ఇచ్చేస్తా. వచ్చే నెల మళ్ళీ వస్తారట. ఈలోగా బెంచి గదికి తాళం పెట్టించాలి, అక్క ఏమనుకున్నా సరే.