చాంబర్ కింద ఇత్తడి కుళాయి

శనివారం, రాత్రి పదిన్నర

రెండు నెలలుగా గ్యారేజీ అరలో ఉన్న చిన్న అట్టపెట్టెను ఈరోజు విప్పాను. లోపల బొటనవేలంత ఇత్తడి వాల్వు. ఇంజన్ ఆయిల్ చాంబర్‌కు అడుగున, ఆయిల్ దింపడానికి ఉండే డ్రెయిన్ బోల్టు తీసేసి, ఆ స్థానంలో దీన్ని బిగించాలి. పక్కన చిన్న మీట ఉంటుంది. స్ప్రింగు పట్టు విడిపించి మీటను పావు చుట్టు తిప్పితే లోపలి బంతి తిరిగి దారి తెరుచుకుంటుంది, ఆయిల్ దిగుతుంది. పెళ్ళిళ్ళలో మంచినీళ్ళ డ్రమ్ముకు పెట్టే కుళాయి ఎలాగో ఇదీ అలాగే. జపాన్‌లోని ఫుమోటో అనే కంపెనీది. ఇష్టపడే కొన్నాను గానీ, కొన్నాక బిగించడానికి మనసొప్పలేదు.

ఎందుకు కొన్నానో ముందు రాసుకుంటాను.

మా బండి 2017 టయోటా టకోమా పికప్. 3.5 లీటర్ల వి6, ఫోర్ వీల్ డ్రైవ్. ఇక్కడ అరిజోనాలో దీన్ని ట్రక్ అంటారు. మన దగ్గర ట్రక్ అంటే పది టైర్ల లారీ కళ్ళ ముందుకొస్తుంది కాబట్టి ఇంట్లో మేము బండి అనే అంటాం. వారమంతా చాండ్లర్‌లో ఇంటి ముందే ఉంటుంది. శని, ఆదివారాల్లో ఫోర్ పీక్స్ వైపో బ్లడీ బేసిన్ రోడ్డు వైపో మట్టిదారుల్లో తిరుగుతుంది. ఈ ఎడారి మట్టి పిండిలా ఉంటుంది. ఎయిర్ ఫిల్టర్ ఎంత మంచిదైనా కాస్త సన్నటి ఇసుక ఇంజన్లోకి పోతూనే ఉంటుంది. ఆయిల్లో కలిసి బేరింగుల మధ్య గరుకు కాగితంలా పనిచేస్తుంది. అందుకే కంపెనీ పుస్తకంలో మామూలు బండికి 10,000 మైళ్ళకో ఏడాదికో ఆయిల్ మార్చమని ఉంటే, దుమ్ముదారుల్లో తిరిగే బండికి 5,000 మైళ్ళకో ఆరు నెలలకో మార్చమని విడిగా రాశారు. బండి కొన్న రెండేళ్ళకు గానీ నేను ఆ పేజీ చూడలేదు. ఆ రెండేళ్ళ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది.

ఆరు నెలలకోసారి అంటే పని తేలిగ్గా ఉండాలి. మా బండిలో అది తేలిక కాదు. రాళ్ళు తగలకుండా చాంబర్ కింద లావుపాటి ఇనప ప్లేటు వేయించాను. డ్రెయిన్ దగ్గర దానికి కిటికీలా కోత ఉంది కానీ, బోల్టు ఊడగానే ఆయిల్ ధార వంకరగా పడి ప్లేటు మీదికి పారుతుంది. ఆ ప్లేటు నుంచి రెండు రోజులు చుక్కలు పడుతూనే ఉంటాయి. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడే ఆయిల్ దింపాలి, దాంతో చివరి చుట్టు చేత్తో తిప్పేటప్పుడు వేళ్ళు కాలతాయి. పైగా రెండేళ్ళ కిందట ఒక సర్వీసు షాపులో ఎవరో ఆ బోల్టును మరీ బిగించేశారు. తర్వాత నేను విప్పబోతే దాని మూలలు అరిగిపోయి పానా జారిపోయింది. పొడవాటి రాడ్డు పెట్టి, కాళ్ళు టైరుకు తన్ని పెట్టి లాగితే గానీ రాలేదు. చాంబర్ మర పోయి ఉంటే ఏమయ్యేదో. ఆ రోజే ఈ వాల్వు గురించి ఆలోచన మొదలైంది. ఒకసారి బిగిస్తే మళ్ళీ ఆ మర జోలికి పోనక్కర్లేదు.

ఇంత మంచి వస్తువును రెండు నెలలు అరలో పెట్టించింది మా బావ మాట.

బావ చీమకుర్తిలో గ్రానైట్ క్వారీ టిప్పర్ల రిపేర్లు చూస్తాడు. ఇరవై ఏళ్ళ పైగా అదే పని. వాల్వు ఫోటో పంపితే వెంటనే ఫోన్ చేశాడు. "బామ్మర్దీ, వస్తువు బాగుంది. రోడ్డు మీద తిరిగే కారుకైతే కళ్ళు మూసుకుని పెట్టుకో. నువ్వు రాళ్ళల్లో తిప్పుతావు కదా, కింద వేలాడేది ఏదైనా రాయి ఊరుకోదు" అన్నాడు. తర్వాత ఒక టిప్పర్ సంగతి చెప్పాడు. గుంతలోంచి పైకెక్కుతుంటే రాయి ఎగిరి చాంబర్ బోల్టు దగ్గర తగిలిందట. డ్రైవర్ చూసుకోలేదు. ఆయిల్ లైట్ వెలిగినా, ఎలాగూ పైకెక్కేస్తాం కదా అని లాగించాడు. పైకి చేరేలోపే ఇంజన్ పట్టేసింది. బోల్టు తల మామూలుగా చిన్నదే, దానికే అంత జరిగింది, నువ్వు పెట్టేది దానికంటే పొడవు అన్నాడు.

ఆ మాటతో నాకు నవంబరులో వెళ్ళిన షీప్ బ్రిడ్జి గుర్తొచ్చింది. పూర్వం గొర్రెల మందల్ని వెర్డీ నది దాటించడానికి కట్టిన వేలాడే వంతెన ఉండేచోటు అది. హైవే దిగాక బ్లడీ బేసిన్ రోడ్డులో ముప్పై మైళ్ళకు పైగా మట్టి, రాళ్ళు. ఫోన్ సిగ్నల్ లేదు. వెనక సీట్లో పాప నిద్రపోతోంది, పక్కన మా ఆవిడ. వాగు దాటేటప్పుడు ప్లేటు రాయికి గీసుకున్న చప్పుడు ఇంకా చెవిలో ఉంది. అక్కడ చాంబర్ ఖాళీ అయితే? ఆ ప్రశ్నకు నాలో నాకు సరైన జవాబు దొరికేదాకా పెట్టె విప్పకూడదనుకున్నాను.

జవాబు ఈ ఉదయం దొరికింది, స్కేలుతో. ఎనిమిదింటికి అట్ట పరుచుకుని బండి కిందికి దూరాను. బండిని సమంగా ఉన్న నేల మీద పెట్టి, టైర్లకు చెక్కలు అడ్డం వేశాను. ఎత్తయిన బండి కాబట్టి జాకీ అక్కర్లేదు. జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి ఎవరూ దూరకూడదు, అది బావ పదేపదే చెప్పే మాట. చాంబర్ నుంచి ప్లేటు లోపలి ముఖం దాకా కొలిచాను. వాల్వు పొడవు తీసేస్తే ఇంకా అంగుళంపావు ఖాళీ మిగులుతోంది. అంటే వాల్వు కొన ప్లేటు చాటునే ఉంటుంది, కిందికి తొంగిచూడదు. పొడవు తక్కువ ఉంటుందనే చిన్న మూతి ఉన్న రకం తెప్పించాను. అసలు మూతి లేనిదైతే ఇంకా పైకి ఉంటుంది గానీ రబ్బరు గొట్టం తగిలించడానికి కుదరదు. గొట్టం లేకపోతే మళ్ళీ ప్లేటంతా ఆయిలే.

ఫోటోలు తీసి బావకు పంపాను. అరిజోనాలో గడియారాలు మార్చరు కాబట్టి ఏడాది పొడవునా ఇండియాకు పన్నెండున్నర గంటలే తేడా. అక్కడ రాత్రి ఎనిమిదిన్నర దాటింది. బావ అన్నం తింటూనే వీడియో కాల్ చేశాడు.

"ప్లేటు వంగితే?"

"అంగుళంపావు వంగాలి బావా. ఇంత లావు ప్లేటు అంత వంగడం కష్టం."

కాసేపు ఆలోచించాడు. "సరే, ఆ కిటికీలోంచి రాయి ఎగిరొస్తే?"

దానికి నా దగ్గర జవాబు లేదు. బావే చెప్పాడు. "కిటికీ మీద చిన్న రేకు వెయ్యి. రెండు బోల్టులు చాలు. ఆయిల్ మార్చేటప్పుడు తీసుకో. మీటకు లాక్ ఉందా?" ప్లాస్టిక్ క్లిప్పు చూపించాను. దాని మీద మరో చుట్టు తీగ కూడా కట్టమన్నాడు. "పాత బోల్టు పారెయ్యొద్దు, బండిలోనే పెట్టుకో" అన్నాడు. దాని మూలలు పోయాయి కదా, అందుకే కొత్త బోల్టు, రెండు వాషర్లు తెచ్చి డాష్‌బోర్డు అరలో పెట్టాను. దారిలో వాల్వు విరిగినా అది తీసి బోల్టు బిగించి, వెంట ఉన్న ఆయిల్ పోసుకుని బయటపడొచ్చు. ఇకనుంచి దూరం వెళ్ళినప్పుడు ఆరు క్వార్టుల ఆయిల్ (క్వార్టు అంటే లీటరుకు కాస్త తక్కువ) వెనక డబ్బాలో ఉండాల్సిందే.

అసలు పనికి అరగంట కూడా పట్టలేదు. ఇంజన్ కాసేపు నడిపి వేడి చేశాను. 14 ఎం.ఎం. సాకెట్‌తో బోల్టు వదులు చేసి, మందపాటి గ్లవ్స్ వేసుకుని విప్పాను. నల్లటి ఆయిల్ తొట్టిలోకి దిగింది. ఎప్పటిలాగే కొంత ప్లేటు మీదికి. ఇదే ఆఖరిసారి అనుకుంటూ తుడిచాను.

వాల్వుకు నల్ల ఫైబర్ వాషర్ తొడిగి మర ఎక్కించబోతుంటే, టార్చి పట్టుకుని పక్కన బోర్లా పడుకున్న పాప ఆపింది. "నాన్నా, అక్కడ ఇంకో రింగు ఉంది."

నాకేం కనపడలేదు. చాంబర్ రంగులోనే ఉంది మరి. గోటితో గీకితే అంచు లేచింది. పాత వాషర్, చాంబర్‌కే అతుక్కుపోయి ఉంది. దాని మీద కొత్తది పెట్టి బిగించి ఉంటే రెండు వాషర్లు ఒకదాని మీద ఒకటి జారుతూ, ముందు చెమ్మగా, తర్వాత చుక్కలుగా కారడం మొదలయ్యేది. నేను వాల్వుదే తప్పు అనుకునేవాణ్ణి. చిన్న బ్లేడుతో జాగ్రత్తగా ఊడదీసి, గుడ్డతో చుట్టూ తుడిచాను. పాప ఆ వాషర్‌ను టిష్యూలో చుట్టి దాచుకుంది. తొమ్మిదేళ్ళ పిల్ల కళ్ళకు ఈరోజు నేను నిజంగా రుణపడ్డాను.

వాల్వును చేత్తోనే చివరిదాకా తిప్పాను. ఎక్కడా పట్టెయ్యలేదు, మర శుభ్రంగా ఉన్నట్టే. తర్వాత పానాతో వాషర్ నొక్కుకునేంత వరకే. ఇత్తడి మెత్తని లోహం, బలం చూపించే చోటు కాదిది. మీట ఎటు తిరిగి ఆగుతుందోనని కొంచెం టెన్షన్ పడ్డాను, ఎందుకంటే అది మన చేతిలో లేదు, మర ఎక్కడ మొదలైతే అక్కడ ఆగుతుంది. ముందుకు తిరిగి ఆగితే పొదల కొమ్మలు తగులుతాయి. దాన్ని తిప్పడం కోసం ఎక్కువ బిగించకూడదు, తక్కువగా వదిలెయ్యనూ కూడదు. ఎడమవైపు, కాస్త వెనక్కి తిరిగి ఆగింది. అంతకంటే మంచి చోటు లేదు.

ఆయిల్ ఫిల్టర్ కూడా మార్చాను. లోపలి కాగితపు ఫిల్టర్, రెండు ఓ-రింగులు. అది ఎప్పుడూ చేసే పనే.

మొత్తం ఆయిల్ పోసేముందు ఒక అర క్వార్టు పోసి, గొట్టం తగిలించి మీట తిప్పి చూశాను. గొట్టం చివర ఖాళీ పాల క్యాన్. ధార సన్నగా, నిదానంగా దిగింది. ఒక్క చుక్క ప్లేటు మీద పడలేదు. బోల్టు కన్నంలోంచి దిగినంత జోరు మాత్రం లేదు, వాల్వు లోపలి దారి ఇరుకు. చివర కొంచెం ఆయిల్ లోపలే ఉండిపోతుంది కూడా, ఎందుకంటే వాల్వు మర చాంబర్ లోపలికి కాస్త పొడుచుకొస్తుంది. అవి రెండూ ఉన్న లోపాలే. కానీ నిదానంగా దిగే ఆయిల్ వల్ల నాకు పోయేదేం లేదు, ఆ పది నిమిషాలు కాఫీ తాగొచ్చు. ఆరు నెలలకోసారి తప్పకుండా మారుస్తాను కాబట్టి అడుగున మిగిలే గరిటెడు ఆయిల్ కూడా నాకు పెద్ద లెక్క కాదు. ఏడాదికోసారి బోల్టు విప్పి చివరి చుక్కదాకా వంచేదానికంటే ఇదే బండికి మంచిదని నా నమ్మకం.

మీట మూసి, క్లిప్పు పెట్టి, తీగ చుట్టాను. జీరో డబ్ల్యూ ట్వంటీ అనే పల్చటి రకం ఆయిల్ 6.2 క్వార్టులు, అంటే దాదాపు 5.9 లీటర్లు పోశాను. వాల్వు మీదా చాంబర్ మీదా కలిసేలా తెల్ల పెయింటుతో ఒక గీత గీశాను. వాల్వు ఏ కాస్త వదులైనా ఆ గీత విడిపోయి కనపడుతుంది. కిటికీ మీద రేకు కోసి బిగించేసరికి పన్నెండైంది. "ఏమండీ, ఆ చేతులతో సింకు ముట్టుకోకండి" అని లోపల్నుంచి కేక వినపడింది. పెరట్లో పంపు దగ్గరే కడుక్కున్నాను.

పాత ఆయిల్ అంతా క్యాన్లోకి వంచి, దగ్గర్లోని ఆటో పార్ట్స్ షాపులో ఇచ్చి వచ్చాను. వాళ్ళు డబ్బేమీ అడగకుండా తీసుకుంటారు. ఒక్క గాలన్ వాడిన ఆయిల్ పది లక్షల గాలన్ల మంచినీళ్ళను పాడుచేస్తుందని ఇక్కడి పర్యావరణ శాఖ చెబుతుంది. నీళ్ళకు ఇంత కటకటలాడే ఎడారిలో ఉంటూ మట్టిలో పారబోసేవాళ్ళను చూస్తే ఒళ్ళు మండుతుంది.

సాయంత్రం ముగ్గురం బయల్దేరాం. హైవే 87 దిగి ఫోర్ పీక్స్ మట్టిరోడ్డులో పది మైళ్ళు పైకి, పది మైళ్ళు కిందికి. సవారో జెముళ్ళ మీద ఎండ వాలుతోంది. గతుకు వచ్చిన ప్రతిసారీ నా చూపు ఆయిల్ లైట్ మీదికే పోయింది. ఒకచోట గులకరాళ్ళు కింద ప్లేటు మీద టపటపా కొట్టాయి. మా ఆవిడ నా మొహం చూసి, "ఆపి చూసుకోండి, లేకపోతే ఇంటిదాకా మీకు మనసాగదు" అంది. ఆపాను.

పాప టార్చి పట్టుకుంది. రేకు విప్పి చూశాను. దుమ్ములో తిరిగే బండికి ఒక సుఖం ఉంది. ఎక్కడ ఆయిల్ చెమ్మ ఉన్నా దుమ్ము అక్కడే నల్లగా ముద్ద కడుతుంది, దాక్కోలేదు. వాల్వు చుట్టూ, వాషర్ అంచునా, మీట కిందా అంతటా ఒకే రంగు ఎర్రటి పొడి. తెల్ల గీత తిన్నగా ఉంది. తీగ కదల్లేదు. పాప వేలితో వాల్వు మీది దుమ్ము తుడిచింది, కింద ఇత్తడి మెరిసింది.

సిగ్నల్ వచ్చాక ఆ ఫోటో బావకు పంపాను. అక్కడ ఆదివారం పొద్దున్నే. ఇంటికొచ్చి స్నానం చేసేసరికి జవాబు వచ్చి ఉంది. "బాగుంది. 500 మైళ్ళు తిరిగాక మళ్ళీ విప్పి చూడు. రేకు మూలల్ని ఆకురాయితో రాయి, పాప చెయ్యి కోసుకుంటుంది."

రేపు పొద్దున ముందు ఆ పని. బండి కింద తెల్ల అట్ట ఒకటి పరిచి వచ్చాను.